గుమ్మానికి కట్టిన ముఖం

సుంకులవ్వ ముఖం చూడకుండా ఎవరికీ బదులు చెప్పేది కాదు. ప్రశ్న ఎంత పెద్దదైనా సరే, అడిగినవాడు ముందు వచ్చి వాకిలి వెలుతురులో కూర్చోవాలి. ఆమె కాసేపు వాడి కళ్ళలోకి చూడాలి. ఆ తరువాతే మాట. కొందరికి ఆ చూపుతోనే ప్రశ్న చల్లారిపోయేది, లేచి దండం పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు. గనుల పక్కన నాపరాళ్ళతో కట్టిన ఆ చిన్న మఠంలో ఆచారమంటూ ఉన్నది ఇదొక్కటే. హారతులు లేవు, పాదపూజలు లేవు. నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. టికెట్టు కొనకుండా కిటికీ వైపు తిరిగి కూర్చున్నవాణ్ణి వీపు చూసి పట్టుకునేవాణ్ణి. అందుకని ఆమె పద్ధతి నాకు మొదటిరోజే నచ్చింది.

మద్దిలేటి ఈమధ్య స్తంభం చాటున కూర్చుంటున్నాడని గమనించింది కూడా నేనే. అంతకుముందు వాడు ఎప్పుడూ ముందు వరసే. టౌనులో ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. బాగా చదువుకున్నవాడు, మాటకారి, సందేహం పుట్టించడంలో దిట్ట. ఆ గురువారం మధ్యాహ్నం స్తంభం వెనకనుంచే గొంతు సవరించుకున్నాడు.

"అవ్వా, ఒక సందేహం. అప్పుడే పుట్టిన బిడ్డ, ఇంకా లోకంలో ఏమీ చూడని బిడ్డ, మొగంలాంటిది కనపడితే చాలు అటే చూస్తాదంట. పుస్తకాల్లో రాసినారు. ఆకు చూపిస్తే చూడదు, గోడ చూపిస్తే చూడదు, మొగమైతే కండ్లతో వెంటపడతాది. ఈ ఎరుక యాడనుంచి వచ్చినట్టు? పోయిన జన్మలోదా, పుట్టినంక నేర్చుకున్నదా?"

ఇంకేముంది, అందరికీ ఉత్సాహం వచ్చేసింది. పూర్వజన్మ వాసన అని ఒకాయన అన్నాడు. తల్లి కడుపులోనే అన్నీ నేర్చుకుంటుందని ఇంకొకాయన అన్నాడు. కడుపులో చీకటి కదా, ముఖమెట్లా కనబడుతుందని మొదటాయన లేచాడు. నేను మాట్లాడలేదు. ఎవరి ఇంట్లో ఏం జరుగుతోందో తెలిసినవాడికి తత్వం మీద ఆసక్తి తగ్గుతుంది.

"ముందరికి రా నాయనా," అంది అవ్వ.

"ఈడనే బాగుందవ్వా."

"వెలుతురులోకి రా."

వాడు వచ్చాడు గాని తల ఎత్తలేదు. అవ్వ చాలాసేపు చూసింది. "ఎవరి బిడ్డను గురించి అడుగుతాండావు?"

"ఎవరి బిడ్డా కాదవ్వా. ఊరికే, తత్వం కోసం."

నేనిక ఉండబట్టలేకపోయాను. "వీడికి కూతురు పుట్టింది కదవ్వా. రెండో నెల నడుస్తాంది," అన్నాను. మద్దిలేటి నావైపు కోపంగా చూశాడు. చూడనీ.

అవ్వ ముఖం విప్పారింది. "అట్లనా. చెప్పనే లేదే. ఎవరి పోలిక? కండ్లు నీవా, వాళ్ళమ్మవా?"

వాడు చాప అంచు గిల్లుతూ కూర్చున్నాడు. "నేను చూడలేదవ్వా," అన్నాడు చివరికి.

సంగతి ఇదీ. పాప మూలా నక్షత్రం మొదటి పాదంలో పుట్టింది. తండ్రికి గండమన్నారు. శాంతి జరిపించి, గిన్నెలో నూనె పోసి, ఆ నూనెలో బిడ్డ నీడ చూసిన తరువాతే తండ్రి నేరుగా ముఖం చూడాలి. మా వైపు ఇది చాలా ఇళ్ళలో ఉన్నదే. మామూలుగా అదే నక్షత్రం మళ్ళీ వచ్చిన రోజున ఆ ముచ్చట ముగించేస్తారు. వీళ్ళ జ్యోతిష్యుడు మాత్రం మూఢం వచ్చిందని, అది విడిచేదాకా శాంతి పనికిరాదని చెప్పాడు. శాంతి కానిదే పేరు కూడా పెట్టకూడదన్నాడు. అప్పటినుంచి మద్దిలేటి పెరటి గదిలో పడుకుంటున్నాడు, అక్కడే తింటున్నాడు, పెరటి వాకిట్లోంచే కాలేజీకి వెళుతున్నాడు. ఫోనులో ఫోటో చూడవచ్చునా అని అడిగితే, ఫోటోలో చూసినా చూసినట్టేనని చెప్పాడట ఆ మహానుభావుడు. వీడు సరేనన్నాడట. చదవేస్తే ఉన్న మతి పోయిందని పెద్దలు ఊరికే అనలేదు. పిల్లలకు కాంతి కిరణాలు బొమ్మ గీసి చెప్పేవాడు, కన్నబిడ్డ మీద పడిన కాంతి తన కంట్లో పడితే చస్తానని నమ్మి కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అవ్వ అరిచే మనిషి కాదు. కోపం వస్తే జుట్టు ముడి విప్పి మళ్ళీ గట్టిగా వేసుకునేది, అంతే. ఇప్పుడు రెండుసార్లు విప్పి వేసుకుంది.

"లేయ్," అంది.

"యాడికవ్వా?"

"నీ ప్రశ్న యాడుందో ఆడికి."

ఆటో పిలిచాను. అవ్వా నేనూ వెనక కూర్చున్నాం. మద్దిలేటి డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చుని, దారి పొడవునా వెనక్కి తిరగలేదు. ఇంటి ముందు దిగగానే పెరటి దారి పట్టబోయాడు. అవ్వ వాడి చొక్కా పట్టుకుని ముందు వాకిట్లోంచే నడిపించింది. వాడు లోపలికి వచ్చి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళవాడు, మీసాలున్నవాడు, లెక్కలు చేయని బడిపిల్లాడిలా సొంత ఇంట్లో గోడకు ముఖం పెట్టి నిలబడ్డాడు.

వాడి తల్లి తిమ్మక్క లోపలినుంచి పరుగున వచ్చింది. ఆమె చెడ్డ మనిషని నేననను. చిన్న వయసులోనే మొగుణ్ణి పోగొట్టుకుని, ఉన్న ఒక్క కొడుకునూ రెక్కల కింద పెట్టుకుని పెంచింది. ఆమె భయం చూస్తే నాకు జాలే. ఆ భయం చేసిన పనులు చూస్తే మాత్రం జాలి నిలవదు. ఉయ్యాలను నడిమింట్లో గుమ్మానికి ఎదురుగా వేయించింది. కొడుకు ఉండే పెరటి వైపు దుప్పటి కట్టించింది. ఇరుగుపొరుగును రానివ్వలేదు. పరాయి దిష్టికంటే కన్నతల్లి దిష్టే ముందు తగులుతుందని, పాలిచ్చేటప్పుడు కూడా కొంగు కప్పమని కోడలికి చెప్పింది. గుమ్మానికి బూడిద గుమ్మడికాయ వేలాడదీసింది. దాని మీద నల్లరంగుతో ముఖం వేయించింది, పెద్ద కళ్ళు, కోరమీసం, బయటికి పొడుచుకొచ్చిన పళ్ళు. అందరూ వీధివైపు ఒక్క ముఖమే వేయిస్తారు. తిమ్మక్క ఇంట్లోవాళ్ళ దిష్టికి కూడా కావాలని లోపలివైపు ఇంకో ముఖం వేయించింది.

కోడలు నాగవేణి గోడకు ఆనుకుని పాలిస్తోంది. కొంగు కింద చిన్న పాదం ఒక్కటే కనబడుతోంది. అవ్వను చూసి లేవబోయింది.

"కూర్చో తల్లీ. దాన్ని తాగనీ," అని అవ్వ ఆమె ఎదురుగా నేలమీద కూర్చుంది. "మద్దిలేటి ఒక మాట అడిగినాడు. మొగం చూడాలని బిడ్డకు ఎవరు నేర్పినారు అని. బదులు చెప్పేదానికి వచ్చినాను. ఒక చేట ఇయ్యి, తిమ్మక్కా. రవంత బొగ్గు కూడా."

తిమ్మక్క మంత్రమేదో వేస్తుందనుకున్నట్టుంది, వెంటనే తెచ్చింది. పిండి మెత్తిన తెల్లటి చేట. అవ్వ దాన్ని బోర్లించి, వీపు మీద బొగ్గుతో పైన రెండు చుక్కలు, కింద ఒక చుక్క పెట్టింది. పాలు తాగడం అయింది. నాగవేణి పాపను ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టింది. బలహీనంగా ఏమీ లేదు, బాగానే ఉంది, నల్లటి జుట్టు. అవ్వ ఆ చేటను జానెడు దూరంలో పట్టింది. పాప చూపు అటూ ఇటూ తడుముకుని ఆ మూడు చుక్కల మీద ఆగింది. అవ్వ చేటను మెల్లగా కుడికి జరిపితే కళ్ళు కుడికి వచ్చాయి. ఎడమకు జరిపితే ఎడమకు వచ్చాయి. తరువాత చేటను తలకిందులు చేసింది. ఇప్పుడు పైన ఒక చుక్క, కింద రెండు. పాప కాసేపు చూసి, విసుగు పుట్టి కళ్ళు తిప్పేసుకుంది.

"చూస్తిరా. ఎవరూ నేర్పలేదు. పైన రెండు కండ్లు, కింద నోరు ఉంటాయని తెలుసుకునే వచ్చింది," అంది అవ్వ. గోడవైపు ఉన్న వీపు కొంచెం కదిలింది. వాడికి ఆసక్తి పుట్టినట్టుంది. పుట్టదా మరి, ప్రయోగం కదా.

అదే సమయంలో పాప ఇంకోవైపు చూసి నవ్వింది. రెండు నెలల పిల్లలు నవ్వే నవ్వు, నోరంతా తెరిచి, చిగుళ్ళు చూపిస్తూ. అవ్వ వైపు కాదు, తల్లి వైపు కాదు. మేం నలుగురం ఆ చూపు వెంట తల తిప్పితే గుమ్మానికి గుమ్మడికాయ ఉంది.

తిమ్మక్కకు ఏమీ అర్థం కాలేదు. నవ్విందని మాత్రం తెలిసింది, సంతోషపడింది. "మొగం కళకళలాడతాంది అవ్వా. మూఢం పోయేదాకా ఎందుకు, మీరు పెద్దోళ్ళు వచ్చినారు, మీ చేతుల మీదుగా నూనెలో నీడన్నా చూపిస్తే నా కొడుకు గండం గడుస్తాది," అంది.

అవ్వ జుట్టు ముడి మీదికి చేయి పోయింది. మళ్ళీ దింపుకుంది. "సరే. తెప్పించు," అంది.

అవ్వ ఒప్పుకుంటుందని నేననుకోలేదు. అక్కడే నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది, దాచుకోను. తిమ్మక్క కంచు గిన్నెలో నువ్వుల నూనె పోసి గుమ్మం ముందు పెట్టింది. మద్దిలేటి కళ్ళు దించుకుని, గోడ పట్టుకుంటూ వచ్చి, గిన్నె ముందు గుమ్మంవైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. వెనక నాగవేణి మోకాళ్ళ మీద నిలబడి, పాపను వాడి భుజం మీదుగా గిన్నెమీదికి వంచింది. వాడు నూనెలోకి చూశాడు.

చూసి అలాగే ఉండిపోయాడు. నల్లటి నూనెలో చిన్న ముఖం కదిలింది, కళ్ళు పెద్దవయ్యాయి, నోరు విచ్చుకుంది. "నవ్వుతాంది," అన్నాడు. "అవ్వా, నన్ను చూసి నవ్వుతాంది."

"నిన్ను చూసి కాదు," అంది నాగవేణి వెనకనుంచి. "నీ నెత్తి మీద వేలాడే గుమ్మడికాయను చూసి."

వాడు తల ఎత్తాడు. బిడ్డ పుట్టినప్పటినుంచీ పెరటి దారిన తిరిగేవాడు, ఆ లోపలి ముఖాన్ని అప్పుడే చూశాడు.

"వారం నుంచి నవ్వుతాంది," అంది నాగవేణి. ఆమె గొంతు పెద్దది చేయలేదు. చేసి ఉంటే వినడం తేలికయ్యేది. "మొదట నవ్వింది దానికే. ఎవరికీ చెప్పలేదు నేను. ఏమని చెప్పల్ల? నా మొగం కొంగు చాటున పెట్టమంటిరి, పెట్టినాను. చుట్టుపక్కల వాళ్ళను రావద్దంటిరి, రాలేదు. నాయన మొగం పెరట్లో పెడితిరి. ఆ ఉయ్యాల్లో పడుకొని అది ఎవరిని చూడల్ల? పొద్దున్నించీ చీకటి పడేదాకా దాన్ని వదలకుండా చూసింది ఆ గుమ్మడికాయ ఒకటే. అందుకే దానికి నవ్వింది. నేను తొమ్మిది నెలలు మోసినానవ్వా. నా బిడ్డ తొలి నవ్వు కూరగాయ పాలైంది."

"నోరు ముయ్యి," అంది తిమ్మక్క. "నా కొడుక్కి గండమని చేసినాను గాని..."

"గండమే తిమ్మక్కా," అంది అవ్వ. "తండ్రికి గండమని చెప్పినాయప్ప అబద్ధం చెప్పలేదు. దాన్ని నువ్వే తెచ్చి గుమ్మానికి కట్టినావు."

అప్పుడు నాగవేణి చేసిన పని ఆ ఇంట్లో ఎవరూ ఊహించనిది. చుట్టూ వచ్చి, నూనె గిన్నెను కాలితో పక్కకు తోసి, బిడ్డను మొగుడి ఒళ్ళో ఎదురెదురుగా పడుకోబెట్టింది. తిమ్మక్క కెవ్వుమంది. మద్దిలేటి ఏం చేశాడో తెలుసా? కళ్ళు మూసుకున్నాడు. గట్టిగా, ముఖమంతా ముడుతలు పడేట్టు మూసుకున్నాడు.

నా జీవితంలో బస్సెక్కిన తాగుబోతులను చూశాను, దొంగలను చూశాను. అంత కోపం ఎవరిమీదా రాలేదు. వాడి ఒళ్ళో బిడ్డ ఉంది, కాబట్టి చెయ్యి చేసుకోలేదు. పాప ఆ ముఖాన్ని చూసింది. పైన రెండు ఉండాల్సిన చోట ఏమీ లేవు. వెతికింది, నుదుటి దగ్గర వెతికింది, మీసం దగ్గర వెతికింది. తరువాత పెదవి విరిచి ఏడుపు మొదలుపెట్టింది. ఏడుస్తూనే మెడ తిప్పుకుని గుమ్మడికాయ కోసం చూసింది.

"నన్ను చూస్తే ఏడుస్తాంది," అన్నాడు వాడు కళ్ళు తెరవకుండానే.

"నువ్వు యాడున్నావు చూసేదానికి?" అంది అవ్వ.

నాగవేణి వంటింట్లోంచి కొడవలి తెచ్చింది. పీట ఎక్కి ఒక్క కోతతో తాడు తెంచింది. గుమ్మడికాయను రెండు చేతులా పట్టుకుని వాకిలి దాటి వీధి మధ్యకు పోయి, తల మీదికెత్తి నాపరాయి మీద వేసి కొట్టింది. అమావాస్యకు వీధిలో దిష్టికాయలు పగలడం మాకు అలవాటే. ఆ చప్పుడు అలాంటిది కాదు. ఎదురింటివాళ్ళు బయటికి వచ్చారు. పాప ఉలిక్కిపడి ఏడుపు ఆపింది. మద్దిలేటి కూడా ఉలిక్కిపడ్డాడు, కళ్ళు తెరుచుకున్నాయి.

పాప ముందు గుమ్మంవైపే చూసింది. అక్కడ తాడు ముక్క ఊగుతోంది. దానికి ముఖం లేదు. చూపు అక్కడే కొంతసేపు తిరిగి, దూలం మీదికి పోయి, గోడ మీదికి దిగి, చివరికి జానెడు దూరంలో ఉన్న రెండు కళ్ళ దగ్గరికి వచ్చింది. అక్కడ ఆగింది. వాడు కదలలేదు. తిమ్మక్క కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది, కొడుకు ఏ క్షణాన పడిపోతాడోనని. వాడు పడిపోలేదు. నాగవేణి వీధిలోంచి వచ్చి, చేతులు గుమ్మడికాయ గుజ్జుతోనే, వాడి పక్కన కూర్చుని కొంగు వెనక్కి తోసుకుంది.

అవ్వ లేచింది. తిమ్మక్క మజ్జిగ ఇస్తానంటే వద్దంది. మేం వాకిట్లోకి వచ్చి చెప్పులు వేసుకుంటుంటే వెనకనుంచి మద్దిలేటి గొంతు వినబడింది. చూపు మాత్రం బిడ్డమీదినుంచి తీయలేదు.

"అవ్వా, చూస్తాంది గాని నవ్వడం లేదు."

అవ్వ వెనక్కి తిరిగి వాడి ముఖం చూసింది. ఈసారి వాడి ముఖం వెలుతురులోనే ఉంది.

"ఎవరు నేర్పినారని అడిగితివి కదా నాయనా. వెతికే పని అది తెచ్చుకొని వచ్చింది. దొరికే పని ఎవరిదో ఈడనే కూర్చోని కనుక్కో."